ముల్కీలు, ఓప్తాన్లు

1956లో మూడు నెలల తేడాతో ఢిల్లీలో రెండు కాగితాల మీద సంతకాలు పడ్డాయి. ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకులు రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందం ఒకటి. మే 28న భారత, ఫ్రెంచి ప్రభుత్వాలు చేసుకున్న అప్పగింత ఒడంబడిక రెండోది. మొదటిదాని గురించి తెలుగు పాఠకుడికి కొత్తగా చెప్పవలసిందేమీ లేదు. దాన్ని నిలబెట్టలేదన్న కోపంలోంచే 1969 వచ్చింది, చాలాకాలం తర్వాత 2014 కూడా వచ్చింది. రెండోదాన్ని మాత్రం మనం పుదుచ్చేరి వ్యవహారమని పక్కన పెట్టేశాం. అందులో పేర్కొన్న నాలుగు స్థావరాల్లో ఒకటి గౌతమీ గోదావరి ఒడ్డున, కాకినాడకు దగ్గర్లో, ఇంటింటా తెలుగే మాట్లాడే యానాం అని గుర్తు చేస్తే గానీ గుర్తు రాదు.

ఈ రెండు కాగితాల వెనకా ఉన్న చిక్కు ఒక్కటే. ఒక రాజ్యం వెళ్ళిపోయి ఇంకో రాజ్యం వచ్చినప్పుడు, ఆ నేల మీదున్న మనిషిని ఇకపై ఏమని పిలవాలి? హైదరాబాదు తన జవాబును ఎప్పుడో తయారు చేసుకుంది: ముల్కీ. ఫ్రెంచి ఇండియా జవాబులు రెండు. 1881 నాటిది రెనోన్సాన్, అంటే వదులుకున్నవాడు. 1962 నాటిది ఓప్తాన్, అంటే ఎంచుకున్నవాడు. ముల్కీ అన్న మాట వింటే ఇప్పటికీ తెలంగాణలో ఒకలా, కోస్తాలో మరొకలా గుండె కొట్టుకుంటుంది. రెనోన్సాన్, ఓప్తాన్ అన్న మాటలు మాత్రం పాత కుటుంబాల పెట్టెల్లో, రిజిస్టర్లలో మిగిలిపోయాయి. ఈ మూడు మాటల మీదా నాకు ప్రేమ ఉంది. తీసుకొచ్చిన గొడవలను పక్కన పెట్టి చూస్తే మూడింటిలోనూ ఒక పెద్దరికం కనబడుతుంది.

ముందు మనకు బాగా తెలిసిందనుకునే ముల్కీ సంగతి. సాలార్‌జంగ్ పరిపాలనను కొత్తగా దిద్దే క్రమంలో ఉత్తరాది నుంచి చదువుకున్న అధికారులను రప్పించాడు. వాళ్ళు వచ్చారు, వాళ్ళవాళ్ళనూ రప్పించుకున్నారు. స్థానికుల్లో అసంతృప్తి పెరిగింది. దాని ఫలితమే ముల్కీ, గైర్ ముల్కీ అన్న విభజన. 1919 ఫర్మానాతో అది నిబంధన రూపం తీసుకుంది: ప్రత్యేక అనుమతి లేకుండా ముల్కీ కానివాడికి సర్కారీ కొలువు లేదు. ఇంతవరకూ అందరూ చెప్పేదే. అయితే ఆ నిబంధనలను తెరిచి చదివినవాళ్ళు తక్కువ. పుట్టుకతో వచ్చే ముల్కీతనంతో పాటు బయటివాడు సంపాదించుకోగలిగిన ముల్కీతనం కూడా అందులో ఉంది. పదిహేనేళ్ళు ఇక్కడ స్థిరంగా నివసించాలి. వెనకటి ఊరికి తిరిగి పోయే ఆలోచనను వదులుకున్నానని మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణపత్రం ఇవ్వాలి. అప్పుడతను ముల్కీ. భాష, మతం, కులం, రంగు, ఏవీ అడగలేదు. తిరిగిపోనన్న మాట మాత్రం అడిగారు.

దీని పక్కన ఫ్రెంచివాళ్ళ 1881 సెప్టెంబరు 21 డిక్రీ పెట్టి చూడాలి. అప్పటికి పదేళ్ళుగా ఫ్రెంచి ఇండియా పారిస్ సభకు ప్రతినిధిని పంపుతోంది. ఓటు ఉంది గానీ, ఆ ఓటరు ఫ్రెంచివాడా అంటే సూటి జవాబు లేదు. హిందువు హిందూ ఆచారం ప్రకారం, ముస్లిం తన షరియత్ ప్రకారం పెళ్ళి, ఆస్తి, వారసత్వం నడుపుకుంటున్నారు. డిక్రీ చెప్పింది ఇదీ: మీ కులాచార ధర్మాన్ని మీరూ మీ సంతానమూ ఇక మీదట వదులుకుంటామని సంతకం చేయండి, ఒక ఇంటిపేరు పెట్టుకోండి, ఫ్రెంచి పౌరచట్టం కిందికి రండి. అలా చేసినవాడు రెనోన్సాన్. పుదుచ్చేరి వకీలు పొన్నుతంబి పిళ్ళై 1873లో బూట్లతో కోర్టుకు వచ్చాడన్న నేరానికి శిక్షపడితే పారిస్ దాకా వెళ్ళి గెలిచినవాడు. ఆయన లాపోర్త్ అన్న ఇంటిపేరు తీసుకున్నాడు. అంటరానివారిగా చూడబడినవాళ్ళకు, క్రైస్తవులైనవాళ్ళకు ఆ సంతకం విలువ ఎక్కువ. కులం పేరు పలికించని ఒక కొత్త ఇంటిపేరు చేతికి వచ్చిందంటే అది చిన్న సంగతి కాదు.

హైదరాబాదు పత్రం ఊరిని వదులుకొమ్మంది. యానాం పత్రం ఆచారాన్ని వదులుకొమ్మంది. అయినా రెండూ మనిషి చేత ఒక మాట ఇప్పించుకున్నాయి, ఆ మాట రాబోయే కాలం గురించినది. ఎక్కడ పుట్టావన్నది నిర్ధారించుకుని ఊరుకోకుండా, ఎక్కడ ఉండబోతున్నావు, ఏ చట్టం కింద బతకబోతున్నావు అని అడిగాయి. నా దృష్టిలో ఈ రెండు సంప్రదాయాల అసలు బంధుత్వం ఇక్కడుంది. రెండూ తలుపులుగానే మొదలయ్యాయి.

గోడలుగా మారడం తర్వాతి కథ. రెనోన్సాన్లు వచ్చిన మూడేళ్ళకే, 1884లో, ఓటర్ల జాబితా మూడు ముక్కలైంది: యూరోపియన్లకొకటి, రెనోన్సాన్లకొకటి, వదులుకోని భారతీయులకొకటి. ఫ్రెంచివాడివి కమ్మని పిలిచిన రాజ్యమే, అయిన తర్వాత వేరే వరసలో కూర్చోబెట్టింది. జాబితాలు ఒక్కటి కావడానికి రెండో ప్రపంచయుద్ధం ముగియవలసి వచ్చింది.

హైదరాబాదులో గట్టిపడ్డ తీరు వేరు. 1930లలో ఏర్పడ్డ నిజాం ప్రజల సంఘం పేరు జమీయత్ రియాయా-ఎ-నిజాం. అందులో ముస్లింలూ హిందువులూ కలిసి ఉన్నారు, హైదరాబాదు హైదరాబాదీలదేనన్నారు, బాధ్యతాయుత ప్రభుత్వం కావాలన్నారు. రియాయా అంటే రాజుకు చెందిన జనం. ఆ పాత మాటను పట్టుకునే వాళ్ళు పౌరులు అడగవలసినవన్నీ అడిగారు. ముల్కీ అన్న పేరు ఎంత విశాలంగా ఉండగలదో ఆ నాలుగైదేళ్ళు చూపించాయి. పోలీసు చర్య తర్వాత పరిస్థితి మారింది. మద్రాసు, బొంబాయి ప్రాంతాల నుంచి ఉద్యోగులు వచ్చారు, ముల్కీ సర్టిఫికెట్లు దొంగవి పుట్టుకొచ్చాయన్న ఆరోపణలు వచ్చాయి. 1952 ఆగస్టులో వరంగల్‌లో రాజుకున్న విద్యార్థుల ఆందోళన సెప్టెంబరు 3, 4 తేదీల్లో హైదరాబాదులో కాల్పులకు దారి తీసింది. ‘నాన్ ముల్కీ గో బ్యాక్’ అన్న నినాదంలో పదిహేనేళ్ళ నివాసమూ లేదు, ప్రమాణపత్రమూ లేదు. తెరిచి ఉంచిన తలుపు గురించి ఆ రోజు ఎవరికీ గుర్తు లేదు. కాల్పుల్లో పోయిన పిల్లల ఆవేదన నిజమైనదే. కొలువుల్లో అన్యాయం జరుగుతోందన్న వాళ్ళ మాటా నిజమే. కాని ఆ కోపం చేతికి దొరికిన పేరు, తన మొదటి అర్థంలో సగం పోగొట్టుకుంది.

ఇక్కడ ఒక పెద్ద తేడా ఒప్పుకోవాలి. హైదరాబాదు జనాన్ని ఎవరూ అడగలేదు. 1948 సెప్టెంబరులో సంస్థానం కలిసింది, 1950 జనవరి 26న రాజ్యాంగం వచ్చింది, ఇక్కడ నివాసం ఉన్నవాళ్ళు భారత పౌరులయ్యారు. అత్యధికులు కోరుకున్నదీ అదే. అయితే తరాలుగా హైదరాబాదులోనే పుట్టి పెరిగిన అరబ్బులను, పఠాన్లను కొందరిని ఆ నెలల్లోనే విదేశీయులని నిర్బంధించారు, పంపించారు కూడా. నిజాం ముల్కులో వాళ్ళది ఏ పేరైనా, కొత్త దేశంలో వాళ్ళకు పేరు లేకపోయింది. యానాంలో మాత్రం అడిగారు. ఒడంబడిక ప్రకారం స్థావరాల్లో పుట్టి అక్కడే నివసిస్తున్న ఫ్రెంచి జాతీయులు భారత పౌరులవుతారు. కాదు, ఫ్రెంచివాళ్ళుగానే ఉంటామంటే ఆరు నెలల్లోగా రాసి ఇవ్వవచ్చు. ముల్కీ కావడానికి పదిహేనేళ్ళు, ఓప్తాన్ కావడానికి ఆరు నెలలు. ఒకటి ఓపికను కొలిచింది, మరొకటి తెగువను.

మధ్యలో ఎనిమిదేళ్ళు మరీ విచిత్రమైనవి. దడాల రఫేల్ రమణయ్య లాంటివాళ్ళు నడిపిన పోరాటంతో 1954 జూన్ 13న యానాంలో ఫ్రెంచి పాలన కూలింది. నవంబరు 1న నాలుగు స్థావరాల పాలనా భారతదేశం చేతికి వచ్చింది. కాని ఒడంబడికను ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించేసరికి 1962 వచ్చింది. అల్జీరియా వదులుకునేదాకా పారిస్ ఈ చిన్న ఊళ్ళ మాట ఎత్తలేకపోయింది. ఆగస్టు 16న పత్రాలు మార్చుకున్నారు. అంతదాకా యానాం మనిషి చట్టం దృష్టిలో ఫ్రెంచి జాతీయుడే. పోలీసు భారతీయుడు, తహసీల్దారు భారతీయుడు, 1955లో ప్రతినిధి సభకు ఓటు వేసింది భారత పాలన కింద. పౌరుడు మాత్రం పారిస్ వాడు. ఆ ఎనిమిదేళ్ళను పాలనాపరమైన జాప్యంగా చరిత్ర పుస్తకాలు ఒక వాక్యంలో దాటేస్తాయి. నాకది ఒక ఊరు ఊరంతా పేరు లేకుండా బతికిన కాలంగా కనిపిస్తుంది.

హైదరాబాదులోనూ ఇలాంటి ఎడం ఉంది, కాకపోతే తిరగేసినది. అక్కడ రాజ్యం పోయినా పేరు మిగిలింది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం లేకుండా పోయింది. ముల్కీ మాత్రం రాజ్యాంగంలోని 35వ అధికరణం అండతో బతికింది. 1957లో పార్లమెంటు నివాస నిబంధనల చట్టం చేసింది. 1969 మార్చి 28న సుప్రీంకోర్టు దాన్ని తెలంగాణ వరకు కొట్టేసింది. నివాస షరతు పెడితే రాష్ట్రం మొత్తానికి పెట్టాలి గానీ ఒక భాగానికి కాదంది. 1972 అక్టోబరు 3న అదే కోర్టు, పాత ముల్కీ నిబంధనలు చెల్లుతాయంది. ఒక తీర్పు తెలంగాణలో మంట పెంచితే, ఇంకొకటి కోస్తాలో జై ఆంధ్ర అయింది. 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాలు వచ్చాయి, ఆ ఏడే ముల్కీ నిబంధనలు రద్దయ్యాయి. పదిహేడేళ్ళపాటు లేని రాజ్యపు పేరుతో మనుషులు కొలువులు పొందారు, పోగొట్టుకున్నారు, వీధుల్లో ప్రాణాలూ వదిలారు. ఫ్రెంచి ఇండియాలో రాజ్యం ముందు వెళ్ళి పేరు వెనకబడితే, ఇక్కడ పేరే రాజ్యాన్ని మించి బతికింది.

ఆడవాళ్ళ, పిల్లల విషయానికొస్తే రెండు పత్రాలూ ఒకే ఇంటి బిడ్డల్లా కనిపిస్తాయి. ముల్కీ భార్య ముల్కీ. ఒడంబడికలో పద్దెనిమిదేళ్ళ లోపు పెళ్ళికాని పిల్లల జాతీయత తండ్రి ఎంపికను బట్టి. తండ్రి లేకపోతే తల్లి, ఇద్దరూ లేకపోతే సంరక్షకుడు. ఒక్క మినహాయింపు: పెళ్ళయిన మగపిల్లలు పదహారేళ్ళు దాటితే తామే ఎంచుకోవచ్చు. శారదా చట్టం తర్వాత బ్రిటిష్ ఇలాకా నుంచి జనం బాల్యవివాహాలు చేయడానికి పరుగెత్తుకొచ్చిన ఊరు యానాం. ఆ మినహాయింపు రాసినవాళ్ళకు ఇక్కడి ఇళ్ళ సంగతి తెలుసనుకుంటాను. పెళ్ళయిన పదహారేళ్ళ ఆడపిల్ల మాత్రం ఆ వాక్యంలో లేదు.

ఎంచుకున్నవాళ్ళు అన్ని స్థావరాల్లో కలిపి సుమారు ఐదువేల మంది. ఎక్కువమంది ఫ్రెంచి సైన్యంలో, ఇండోచైనాలో, సర్కారు కొలువుల్లో పనిచేసినవాళ్ళు, వాళ్ళ కుటుంబాలు. యానాంలో అలాంటి ఇళ్ళు కొద్దే. వాళ్ళను ఆశపోతులనీ, పింఛను కోసం దేశాన్ని వదులుకున్నారనీ అనడం తేలిక. ముప్పై ఏళ్ళు ఒక జెండా కింద కొలువు చేసినవాడు ఆ జెండా ఇచ్చిన మాట నిలబెట్టుకోమని అడగడంలో తప్పు నాకు కనబడదు. తన జీతం తన నేలవాళ్ళకే దక్కాలన్న వరంగల్ కుర్రాడిలోనూ తప్పు కనబడదు. ఇద్దరూ పొట్టకూటి సంగతే పట్టుకుని ఉన్నారు. పౌరసత్వమంటే జెండాకు వందనమని మనకు బళ్ళో నేర్పారు గానీ, ఈ రెండు చోట్లా దాన్ని జనం కొలువుగా, పింఛనుగా, పిల్లల చదువుగా అర్థం చేసుకున్నారు. అది తక్కువ అర్థమని నేననుకోను.

దరియాలతిప్ప లాంటి ఊళ్ళో ఈ పత్రాల గతి ఏమై ఉంటుంది? యానాం దిగువన, గౌతమి సముద్రం వైపు సాగే దారిలో ఉన్న చేపల ఊరు అది. ఆరు నెలల గడువు వల మీద బతికేవాడికి ఎంతమాత్రం తెలిసి ఉంటుంది? రాసి ఇవ్వమన్న చట్టం రాయడం వచ్చినవాడికే ఎంపికనిస్తుంది. మిగతావాళ్ళ మౌనమే సమ్మతి అయింది, ఆ సమ్మతితోనే వాళ్ళు భారతీయులయ్యారు. హైదరాబాదు నిబంధనలోనూ అంతే: ప్రమాణపత్రం రాయించుకోలేని కూలీ ఇరవై ఏళ్ళున్నా కాగితం మీద గైర్ ముల్కీయే.

కాగితం పెట్టే పేరు ఒకటైతే దూరాన ఉన్నవాడు పెట్టే పేరు వేరొకటి. 1828లో యానాం నుంచి రీయూనియన్ దీవికి తెలుగు కూలీలు వెళ్ళారు. ఆ దీవిలో వాళ్ళు మల్బార్లయ్యారు, మలబారు ముఖం చూసి ఉండకపోయినా. యానాం పక్కనే ఉన్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కి రంగూన్ చేరిన తెలుగువాడు అక్కడ కోరంగీ. ఎక్కిన రేవు పేరో, ఎక్కని రేవు పేరో, తగిలించుకుని బతకడం మనవాళ్ళకు ముల్కీ కంటే ముందునుంచీ అలవాటే.

ఇవాళ దరియాలతిప్పకూ ఆవలి ఒడ్డు కోనసీమకూ మధ్య ఉన్నది గౌతమి ఒక్కటే. రెండు వైపులా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. రెండు వైపులా భృతి. ఈ ఒడ్డున పుదుచ్చేరి ప్రభుత్వం ఇస్తుంది, ఆ ఒడ్డున ఆంధ్రప్రదేశ్. మాటల్లో ‘మన యానాం’, ‘ఆంధ్రా వైపు’ అంటారు. చుట్టరికాలు నదికి అటూ ఇటూ ఉంటాయి. నివాస ధ్రువపత్రం మాత్రం ఒకవైపే ఉంటుంది. ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని పుదుచ్చేరి నుంచి నడిచే పాలనను వదిలి, పక్కనున్న ఆంధ్రలో కలవాలన్న కోరిక ఇక్కడ బలంగా కనబడదు. అందుకు ఒక చట్టపు ఆధారం కూడా ఉంది. ఆ 1956 ఒడంబడిక రెండో అధికరణం, స్థావరాల ప్రత్యేక పాలనా హోదాను మార్చాలంటే ముందు ప్రజల అభిప్రాయం తెలుసుకోవాలంటుంది. పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణకు రక్షణలు చాలా రాశారు, ముఖ్యమంత్రి, ఉపముఖ్యమంత్రి పదవుల పంపకం దాకా రాశారు. జనాన్ని అడగాలన్న వాక్యం రాయలేదు. నాయకులు ఒకరికొకరు ఇచ్చుకున్న మాట, నాయకులు మారగానే పలచబడింది. రెండు రాజ్యాలు రాసుకున్న మాటను ఇంకా ఎవరూ చెరపలేదు.

ముల్కీ పోయాక వచ్చిన మాట స్థానికుడు. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు దాన్ని చదివిన బడితో ముడిపెట్టింది: అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివావు? పదిహేనేళ్ళ నివాసం నాలుగేళ్ళ చదువైంది. తిరిగిపోనన్న ప్రమాణం పూర్తిగా పోయింది. 1919 నిబంధనలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన ముక్క అదే. బడి రికార్డు గతం చెబుతుంది, మనిషి మనసు చెప్పదు. రాష్ట్రం విడిపోయాక విద్యుత్ సంస్థల్లో 1,157 మంది ఉద్యోగులను స్థానికత ఆధారంగా తెలంగాణ సంస్థలు విడుదల చేసినప్పుడు, వాళ్ళు దశాబ్దాలుగా ఎక్కడ పనిచేశారో, ఎక్కడ ఉండాలనుకున్నారో అడిగే నిబంధన ఒక్కటి కూడా వాళ్ళ చేతిలో లేదు. జస్టిస్ ధర్మాధికారి కమిటీ దాకా వెళ్ళవలసి వచ్చింది.

అదే విభజనలో, నాకు తెలిసినంతలో ఎవరూ యానాంతో పోల్చి చూడని పని ఒకటి జరిగింది. హైదరాబాదు నుంచి అమరావతికి తరలే ఉద్యోగుల పిల్లలు ఎక్కడా స్థానికులు కాకుండా పోతారన్న ఆందోళన వచ్చింది. 2016లో రాష్ట్రపతి ఉత్తర్వును సవరించారు: 2014 జూన్ 2 నుంచి మూడేళ్ళలోగా తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు తరలివచ్చినవాళ్ళు స్థానికులే. గడువును తర్వాత మళ్ళీ మళ్ళీ పొడిగించారు. గడువు పెట్టి, ఎంచుకోమని, ఎంచుకున్నవాడి పేరు అతని బిడ్డలకు దక్కేలా చేయడం 1962లో ఓప్తాన్‌కు ఇచ్చిందే. ముల్కీ నేల మీద పుట్టిన పిల్లవాడు ఓప్తాన్ పద్ధతిలో వెలగపూడిలో స్థానికుడయ్యాడు. పద్ధతి అంతటితో ఆగింది. హైదరాబాదులోనే ఉండిపోదలచిన కోస్తా కుటుంబానికి గానీ, విజయవాడలో ఇల్లు కట్టుకున్న నల్గొండ కుటుంబానికి గానీ, ఉండిపోతామని రాసిచ్చే కాగితం ఏదీ లేదు. 1919లో నిజాం సర్కారు ఇచ్చిన ఆ కాగితాన్ని ఇప్పటి రెండు ప్రభుత్వాలూ మళ్ళీ తయారు చేయాలి.